కరెంటు అక్కర్లేని చక్రానికి పంచనామా

పోయిన నెల తార్నాకలో ఒక అపార్ట్‌మెంటు ఐదో అంతస్తుకు నన్ను పిలిపించుకుంది శ్రావణి. ఒకప్పుడు నా దగ్గర డిగ్రీలో ఫిజిక్స్ చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు ఆమె, ఆమె భర్త వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, సెలవు దొరికితే అయస్కాంతాలతో కుస్తీ పడుతున్నారు. ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూశారట. కరెంటు లేదు, పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు, ఒట్టి అయస్కాంతాల బలంతో ఒక చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుందట. అలాంటిదే తామూ చేశారు. ఇది ఏడోదట. చొక్కా గుండీల్లా మెరిసిపోతున్న చిన్న చిన్న అయస్కాంతాలు, మిషను మీద అచ్చు పోసుకున్న ప్లాస్టిక్ చక్రం, చూడముచ్చటగా ఉంది. వేలితో ఒక తోపు తోశారు. తిరిగింది, కాసేపు అటూ ఇటూ ఊగింది, ఆగింది. "ఎక్కడో చిన్న తేడా కొడుతున్నది మేడం" అంది శ్రావణి. రిటైరైన ఫిజిక్స్ లెక్చరరుగా నేను అక్కడ చెప్పాల్సిన మాట ఒక్కటే: ఇది తిరగదమ్మా, తిరిగే ప్రసక్తే లేదు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బయటికి వచ్చింది వేరే మాట. "మా మామ చేసింది తిరిగింది" అన్నాను.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కసారిగా తలెత్తారు. "నిజంగనా మేడం? ఎంతసేపు తిరిగింది? ఏం మాగ్నెట్స్ వాడిన్రు?" అని ఒకటే ప్రశ్నలు. నేను చాయ్ కప్పు అడ్డం పెట్టుకుని మాట దాటేశాను. ఆ చక్రం ఎట్లా తిరిగిందో చెప్పాలంటే మా అత్తమ్మ సంగతి చెప్పాలి, కొమురయ్య కాక సంగతి చెప్పాలి. ఒక చాయ్ తాగేంత సేపట్లో తెమిలే వ్యవహారం కాదు. నల్లకుంటలో మా ఇంటికి తిరిగొచ్చేసరికి ఆటోలోనే సగం కథ నాకు నేను చెప్పేసుకున్నాను. మిగతా సగం కూడా ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టేలా లేదని ఇలా కూర్చున్నాను.

ఎమ్మెస్సీలో సీటు వచ్చినప్పుడు హాస్టల్లో చోటు దొరకలేదు. అందుకని మా మేనమామ యాదగిరి ఇంటికి చేరాను. తార్నాకలో మేడమీద వాటా, రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. మామ మా యూనివర్సిటీలోనే, మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులోనే వర్క్‌షాపు మెకానిక్. పొద్దున తలకు కొబ్బరినూనె పట్టించుకుని వెళ్ళేవాడు, సాయంత్రం లేతు మిషను నూనెతో వచ్చేవాడు. ఆ రెండు నూనెలు కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను. వెర్నియర్ కాలిపర్స్ చొక్కా జేబులో పెన్నులా పెట్టుకునేవాడు, ఇంట్లో ఏది కనిపిస్తే అది కొలిచేవాడు. ఒకసారి అత్తమ్మ చేసిన జొన్నరొట్టెను కూడా కొలిచి, ఒక పక్క అర మిల్లీమీటరు మందం ఎక్కువుందని తేల్చాడు. "ఎక్కువున్న కాడ గీకి నా పళ్ళెంల ఎయ్యి, నేను తింట" అంది అత్తమ్మ. ఆమె పేరు బాలమణి. ఆమె నోటికి మామ కొలతలు ఎన్నడూ సరిపోలేదు.

డిపార్ట్‌మెంటులో ఎన్ని పీహెచ్‌డీలు మామ చేతిమీదుగా గట్టెక్కాయో లెక్కలేదు. బొమ్మ గీసి ఇస్తే వస్తువు చేసి ఇచ్చేవాడు. బొమ్మ తప్పుగా గీస్తే దిద్ది మరీ చేసి ఇచ్చేవాడు. థీసిసు అచ్చయ్యాక దాని మొదటి పేజీల్లో కృతజ్ఞతలు ఉంటాయి కదా, అందులో గైడు పేరు, తల్లిదండ్రుల పేర్లు, దేవుడి పేరు అయ్యాక అట్టడుగున "వర్క్‌షాపు సిబ్బందికి" అని ఒక ముక్క ఉండేది. మామ ఆ పేజీ శ్రద్ధగా చదివి, "సిబ్బంది అంటే నేనొక్కన్నే గదా బిడ్డా, పేరు రాస్తే సిరా ఒడుస్తదా?" అని నవ్వేవాడు. నవ్వేవాడే గాని ఆ బాధ లోపల ఉండేది. తన పేరున ఒక్క వస్తువైనా ఉండాలన్నది ఆయన కోరిక. ఊళ్ళో మామ అన్నకు ఎకరన్నర పొలం ఉండేది. బావిలో నీళ్ళుండి కూడా, కరెంటు వచ్చే వేళకు మనిషి ఉండక, మనిషి ఉన్న వేళకు కరెంటు రాక పొలం ఎండేది. కరెంటు అక్కర్లేని మోటారు ఒకటి చేసి ఆ బావి మీద పెట్టాలన్నది మామ కల.

ఆ కలకు నిప్పు రాజేసింది డేవిడ్ సారు. లాలాపేట్‌లో ఉండేవారు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి అయిపోగానే ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో మా ఇంటికి వచ్చేవారు. ఒక ఆదివారం ఏదో విదేశీ పత్రికలోని పేజీ జిరాక్సు తీసుకుని వచ్చారు. ఎక్కడో ఒకాయన అయస్కాంతాల మోటారు కనిపెట్టాడట, అది తనంతట తాను తిరుగుతోందట, పెద్ద కంపెనీలు దాన్ని బయటికి రానివ్వడం లేదట. జిరాక్సు మీద జిరాక్సు తీసి తీసి బొమ్మ సగం నల్లగా అయిపోయింది. ఆ నల్లటి చోట ఏముందో ఎవరికీ తెలియదు. అసలు కిటుకంతా అక్కడే దాచి ఉంటాడని వాళ్ళ నమ్మకం.

మూడో మనిషి కొమురయ్య కాక. మా డిపార్ట్‌మెంటులోనే రోజుకూలీ మీద అటెండరు. మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు. మామను "అన్నా" అనేవాడు, అత్తమ్మను "వదినె" అనేవాడు, నన్ను "బిడ్డా" అనేవాడు. వాళ్ళ గల్లీలో పెళ్ళిళ్ళకు, పండగలకు మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. పగిలిన స్పీకర్లు అక్కడ గుట్టగా పడుండేవి. ఒక్కో స్పీకరు వెనక గారెలాగా నడుమ తూటున్న నల్లటి అయస్కాంతం ఉంటుంది. కొమురయ్య కాక వాటిని ఓపిగ్గా ఊడబీకి, బియ్యం సంచిలో వేసుకుని భుజాన మోసుకొచ్చేవాడు. దారిలో అలిసి ఎక్కడ దించితే అక్కడి మేకులు, సోడా మూతలు సంచికి అంటుకుని వచ్చేవి. మామ లేతు మీద అల్యూమినియం చక్రం తీశాడు. ఎప్పుడో మూలపడేసిన ఒక పరికరంలోని సన్నటి బేరింగులను కొమురయ్య కాక కిరోసిన్‌లో నానబెట్టి, కోడి ఈకతో తుడిచి, కొత్తవాటిలా చేసి ఇచ్చాడు. చక్రం అంచున అతికించిన అయస్కాంతాలకు అడ్డంగా ఏటవాలు రేకులు బిగించాలని ఆ జిరాక్సులో ఉంది. బిస్కెట్ డబ్బా కోసి ఆ రేకులన్నీ చేసింది కూడా ఆయనే. మామ ఒక్కొక్కటీ కొలిచి చూసి, "కొమురయ్యా, నీ కత్తెర నా కాలిపర్స్ కంటే మంచిగున్నదిరా" అన్నాడు. ఆ మెప్పుకు కాక వారం రోజులు గాల్లో తేలాడు.

చక్రం మాత్రం తిరగలేదు. బయట చుట్టూ కదలకుండా బిగించిన అయస్కాంతాలు దాన్ని ఎక్కడికక్కడ పట్టేసుకునేవి. వాటిని ఒక వేలెడు దూరం జరిపారు, కొంచెం నయం. జానెడు జరిపారు, ఇంకా నయం. జరిపిన కొద్దీ బాగా తిరుగుతోందని ముగ్గురూ సంబరపడ్డారు. అట్లా జరుపుతూ పోతే అసలు అయస్కాంతాలే అక్కర్లేదని తట్టాలి కదా! ఎవరికీ తట్టలేదు. ఎమ్మెస్సీ చదువుతున్న నాకూ తట్టలేదు.

ఇక్కడ మా ఇంటి ఎండాకాలం సంగతి కొంచెం చెప్పాలి. ముందు గదిలో కిటికీకి రేకు కూలరు ఒకటి ఉండేది. దానికి నీళ్ళు పోయడమంటే మాటలు కాదు. నల్లా కింద, మేము పైన. పదకొండు మెట్లు. ఎనిమిది బకెట్లు పోస్తేగాని దాని కడుపు నిండదు. ఆ బకెట్లన్నీ అత్తమ్మే మోసేది. నేను పట్టుకోబోతే "పుస్తకం పట్టే చేయి, గుంజుకపోతది, పో" అని తరిమేది. అందుకని కూలరు ఎప్పుడు వెయ్యాలో నిర్ణయించేది కూడా ఆమే. ఇంటివాళ్ళకు ఫ్యాను చాలు. గౌరవమైన మనుషులు వస్తే కూలరు. స్విచ్చు వెయ్యగానే తడిసిన గడ్డి వాసన గదంతా కమ్ముకునేది, ఎవరో పెద్దమనిషి వచ్చాడని వంటింట్లో ఉన్న నాకు ఆ వాసనతోనే తెలిసిపోయేది. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు కూడా ఆ మనుషులకే.

చక్రం మొదటిసారి తిరిగింది మా డిపార్ట్‌మెంటు హెడ్‌క్లర్కు ముందు. ఆయన దారిన పోతూ, మామ ఏదో చేస్తున్నాడని విని పైకి వచ్చాడు. డేవిడ్ సారు మహా జాగ్రత్త మనిషి. గాలి తగిలి తిరిగిందన్న మాట రాకూడదని ప్రయోగానికి ముందు పైన ఫ్యాను ఆపించేవారు. మామ వేలితో చక్రాన్ని తోశాడు. తిరిగింది. తిరుగుతూనే ఉంది. నిమ్మకాయ నీళ్ళు వచ్చాయి, తాగారు, గ్లాసులు తీసేశారు, అప్పటికీ తిరుగుతూనే ఉంది. మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హెడ్‌క్లర్కు నోరు వెళ్ళబెట్టాడు.

ఎప్పుడో క్యాంపస్‌లో సైకిలు దొంగతనం జరిగితే పోలీసులు మామను పంచుగా, అంటే సాక్షిగా, కూర్చోబెట్టి సంతకం తీసుకున్నారు. ఆ కాగితం మీద తన పూర్తి పేరు, తండ్రి పేరు, వృత్తి అన్నీ రాయడం మామకు తెగ నచ్చింది. అందుకని చక్రానికి కూడా పంచనామా రాయాల్సిందేనన్నాడు. రాయసం డేవిడ్ సారుది. "మేము దిగువ సంతకములు చేసిన పంచులము నేడు పగలు పదకొండు గంటలకు శ్రీ యాదగిరి గారి గృహమునందు హాజరై, కళ్ళారా చూడగా, సదరు చక్రము ఎవరి చేయి తగలకయే తిరుగుచుండెను" అని మొదలుపెట్టి, కింద హెడ్‌క్లర్కు చేత సంతకం చేయించారు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి మనిషీ పంచే, ప్రతి తిరుగుడుకూ పంచనామానే.

చిక్కేమిటంటే చక్రం అందరికీ తిరగలేదు. హెడ్‌క్లర్కుకు తిరిగింది, ఇంటి ఓనరుకు తిరిగింది, చర్చి పాస్టరు గారికి బ్రహ్మాండంగా తిరిగింది. పాలాయనకు తిరగలేదు. ఇస్త్రీ ఆమెకు తిరగలేదు. మామ, డేవిడ్ సారు, కొమురయ్య కాక ముగ్గురే కూర్చున్నప్పుడు రెండు చుట్లు తిరిగి ఆగేది. నేను ఒక్కదాన్నే కూర్చుంటే కూడా అంతే. డేవిడ్ సారు రెండు ఆదివారాలు ఆలోచించి ఒక సిద్ధాంతం తేల్చారు. మనుషుల ఒంట్లో ఒకరకం విద్యుత్తు ఉంటుంది, అది కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ, చక్రం దాన్ని అందుకుని తిరుగుతోంది. ఒక పంచనామా ఈ సిద్ధాంతాన్ని బలపరిచింది కూడా: "కరెంటు పోయినందున ఉక్కకు తాళలేక పంచులు వరండాలోకి వెళ్ళిరి. తిరిగి వచ్చి చూడగా సదరు చక్రము ఆగి ఉండెను." చూశారా, మనుషులు లేచి వెళ్ళగానే ఆగిపోయింది అన్నారు డేవిడ్ సారు. ఆయన నోటుబుక్కులో మూడు గడులు గీశారు. పెంచేవారు, మామూలువారు, తగ్గించేవారు. నా పేరు మామూలువారిలో రాశారు. నవ్వులాటగా రాసినదే. అయినా నాకు కళుక్కుమంది. క్లాసులో ఇంగ్లీషు గడగడా మాట్లాడే వాళ్ళ మధ్య వెనక బెంచీలో ముడుచుకుని కూర్చునే రోజులవి. నా ఒంట్లో ఏదో తక్కువుందని నాకు ముందునుంచే అనుమానం ఉండేది, దానికి కూడా సంతకం పడినట్టయింది.

మూడో గడి చాలా రోజులు ఖాళీగానే ఉంది. పెద్దమనుషులెవరైనా వస్తే కొమురయ్య కాక గదిలో ఉండేవాడు కాదు. ఎవరూ పొమ్మనకుండానే లేచి, వరండా దాటి, మెట్ల మీద కూర్చునేవాడు. అది ఆయన అలవాటు. దాంతో తాను మోసుకొచ్చిన అయస్కాంతాలు తిరగడం ఆయన గుమ్మంలోంచి తొంగిచూడటమే గాని దగ్గరగా చూసింది లేదు. ఒక ఆదివారం మా డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పే రీడరు గారొకరు వచ్చి ఉన్నారు, చక్రం జోరుగా తిరుగుతోంది. కింద రీడరు గారి స్కూటరు దారికి అడ్డంగా ఉందని ఎవరో అరుస్తుంటే, ఆ సంగతి చెప్పడానికి కొమురయ్య కాక గదిలో అడుగుపెట్టాడు. సరిగ్గా ఆ నిమిషానే కరెంటు పోయింది. చక్రం నెమ్మదించింది, ఆగింది.

రీడరు గారు "కరెంటు పోయింది కదా" అన్నారు. డేవిడ్ సారు చిరునవ్వు నవ్వి, "అయ్యా, కరెంటు అక్కర్లేని యంత్రమిది. కరెంటు పోతే ఇదెందుకు ఆగును?" అన్నారు. ఎంత గట్టి తర్కమో చూడండి! కరెంటు కారణం కావడానికి వీల్లేదు కాబట్టి, అప్పుడే గదిలోకి వచ్చిన మనిషే కారణం. మూడో గడిలో కొమురయ్య అని రాశారు. ఆ గడిలో అదొక్కటే పేరు. డేవిడ్ సారు చెడ్డమనిషి కాదు, ఈ మాట గట్టిగా చెప్తాను. ఈగను కూడా చేత్తో తోలేవారు, కొట్టేవారు కాదు. లెక్క అట్లా వచ్చింది, రాశారు, అంతే. మామ కూడా నవ్వేసి, "ఏం కొమురయ్యా, నువ్వు చక్రానికి శనివైతివి గదరా" అన్నాడు. కాక కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంతలో మామ ఆశకు పెద్ద రెక్కలొచ్చాయి. రీడరు గారు వెళ్ళి చెప్పారేమో, డిపార్ట్‌మెంటు హెడ్డు, మేమంతా పెద్దసారు అని పిలిచే ఆయన, వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నారట. మామ ఆ రోజు అన్నం తినలేదు. పంచనామాలన్నీ తారీకు వారీగా పేర్చి ఫైలు కట్టాడు. అత్తమ్మ చేత కుర్చీల గలేబులు ఉతికించాడు. సాయంత్రం కొమురయ్య కాక వస్తే వరండాలో నిలబెట్టి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"కొమురయ్యా, ఏమనుకోకు. ఆదివారం పెద్దసారు వస్తుండు. నువ్వు జర దూరమే ఉండు. మల్ల ఆగిందంటే నా ఇజ్జత్ పోతది."

"గదేందన్నా, నాకు తెల్వదా?" అన్నాడు కాక. "నేను మెట్ల మీద సుత కూసోను. ఆ దినం మా గల్లీల పనున్నది."

పనేమీ లేదని ఆయన ముఖం చెప్తోంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. మామ లోపలికి వెళ్ళాక కాక నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నిజం చెప్పు. ఒంట్ల కరెంటు ఒకనికి ఎక్కువ, ఒకనికి తక్కువ ఉంటదా? నాకు పుట్టుకతోనే తక్కువనా? మా పిల్లలకు సుత గట్లనే వస్తదా?"

పుస్తకంలో అట్లాంటిదేమీ లేదని తెలుసు. కానీ చక్రం తిరగడం కళ్ళతో చూశాను. ఆగడం కూడా చూశాను. "కనుక్కొని చెప్తా కాకా" అన్నాను. ఆయన తలూపి మెట్లు దిగాడు. ఆ రాత్రంతా ఆ మాటే నా చెవుల్లో మోగింది.

గురువారం నాకు క్లాసులు లేవు. ముందు గదిలో టేబులు దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. ఫ్యాను ఆపి, డేవిడ్ సారు పద్ధతిలోనే, వేలితో చక్రాన్ని తోస్తున్నాను, అది ఆగుతోంది, మళ్ళీ తోస్తున్నాను. అత్తమ్మ పెద్దసారు కోసం కూలరుకు కొత్త గడ్డి పెట్టించింది. నీళ్ళు పోసి, పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్చు వేసింది. చక్రం ఈసారి ఆగలేదు. రెండు చుట్లయ్యాయి, పదయ్యాయి, బిస్కెట్ డబ్బా రేకులు తళతళా మెరుస్తూ తిరుగుతూనే ఉన్నాయి. మామూలు మనిషిని, నేను ఒక్కదాన్నే ఉన్నాను. చల్లటి గాలి నా ముంజేతికి తగులుతోంది. అప్పుడు, ఆ ఏటవాలు రేకులను, వాటికి ఎదురుగా ఉన్న కూలరును మార్చి మార్చి చూశాను.

"అత్తమ్మా, ఒకసారి బందు చెయ్యి" అన్నాను. ఆపింది. చక్రం ఆగింది. "మల్ల వెయ్యి." వేసింది. తిరిగింది.

"ఏందే నీ ఆట? మోటరు కాలుతది" అంది అత్తమ్మ.

చెప్పాను. డేవిడ్ సారు గాలి తగలకూడదని ఫ్యాను ఆపించేవారు. ఫ్యాను ఆపితే వచ్చిన పెద్దమనిషికి ఉక్కపోస్తుందని నువ్వు కూలరు వేసేదానివి. ఇంతే అత్తమ్మా ఈ చక్రం. అత్తమ్మ ముందు నమ్మలేదు, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అంటే ఇన్ని దినాలు గీ చక్రాన్ని తిప్పింది నా బకెట్లా! ఖర్చు లేని మోటరట, నా నడుము ఇరిగిన ఖర్చు ఎవడు రాసిండే పంచనామల?" అని నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది. నేను టేబులు సొరుగులో ఉండే డేవిడ్ సారు నోటుబుక్కు తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. పేర్లు చదివి వినిపించాను. పెంచేవారు: హెడ్‌క్లర్కు, ఓనరు, పాస్టరు, రీడరు. మామూలువారు: పాలాయన, ఇస్త్రీ ఆమె, నేను. తగ్గించేవారు: కొమురయ్య. ఆమె నవ్వు ఒక్కో పేరుకు తగ్గుతూ వచ్చి, చివరి పేరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

"కొమురయ్య వస్తే నేను ఎన్నడు ఎయ్యలే" అంది.

"నాకు కూడా ఎయ్యలే" అన్నాను, కొంచెం ఉక్రోషంగానే.

"నువ్వు ఇంటి పిల్లవే. ఆయన..." అని నా చేతిలోని నోటుబుక్కు మూసేసింది. కాక అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. పిల్లలకు కూడా వస్తుందా అని అడిగాడని చెప్పగానే అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. మామకు ఈ సాయంత్రమే చెప్పేస్తానన్నాను. వద్దంది. "నువ్వు ఎవ్వలికి చెప్పకు. ఆదివారం దాక ఆగు. తప్పు నాది, నేనే దిద్దుకుంట."

ముందే చెప్పేస్తాను, ఆ ఆదివారం పెద్దసారు రాలేదు. ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, మామ అడగలేదు. మామ ఆ ఒక్క దెబ్బతో యంత్రాలు మానేశాడనుకునేరు, మరుసటి ఎండాకాలానికే కొమురయ్య కాకను వెంటబెట్టుకుని ఊరికి వెళ్ళి బావి మీద గాలిమర పెడతానని బయల్దేరాడు. అదింకో పెద్ద రామాయణం. ఇప్పుడు మామ లేడు, డేవిడ్ సారు లేరు, కొమురయ్య కాక కూడా పోయి చాలా ఏళ్ళయింది. అత్తమ్మ ఉంది. ఇదంతా రాస్తున్నానని ఫోన్లో చెప్తే, "రాస్తె రాయి, నన్ను మంచిదాన్ని చేసి రాయకు" అంది. శ్రావణి వాళ్ళ ఇంట్లో ఏసీ పొద్దంతా నడుస్తూనే ఉంది. ఎవరొచ్చారని చూసి వేసే పని లేదు, బకెట్లు మోసే పని లేదు. అది మంచిదే, నాకేమీ ఆ కాలం మీద మోజు లేదు. కాకపోతే అప్పుడు ఎవరికి ఎంత మర్యాద చేస్తున్నామో చల్లగాలిలో తెలిసిపోయేది, దొరికిపోయేవాళ్ళం. ఇప్పుడు మనం ఎక్కడ దొరుకుతామో నాకు అంతు పట్టడం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ పేరేమిటని శ్రావణిని అడగబోయి, మా వాచ్‌మన్ పేరు నాకు తెలుసా అని తడుముకుని, నోరు మూసుకున్నాను.

పెద్దసారు రావాల్సిన ఆ ఆదివారం పొద్దున్నే అత్తమ్మ నన్ను మాణికేశ్వర్ నగర్ పంపింది. "కొమురయ్యను పిల్చుకరా. వదినె రమ్మన్నదని చెప్పు" అంది. కాక రానంటే రానన్నాడు. "అన్న ఇజ్జత్ సవాల్ బిడ్డా ఇది. నేను వచ్చి ఆపాల్నా?" అన్నాడు. అత్తమ్మ పేరు రెండుసార్లు చెప్తే, మెట్ల దాకా వస్తానని బయల్దేరాడు. మెట్ల దగ్గర అత్తమ్మే ఎదురుగా నిలబడి ఉంది. లోపలికి తీసుకొచ్చి, టేబులుకు అవతల, కూలరుకు సూటిగా ఎదురుగా కుర్చీ వేసి, కూర్చోమంది. పెద్దసారు కోసం ఉతికిన గలేబు ఆ కుర్చీకే ఉంది. కాక అంచు మీద కూర్చున్నాడు. ఫ్యాను అప్పటికే ఆపి ఉంది. మామ, డేవిడ్ సారు తెల్లబోయి చూస్తున్నారు. అత్తమ్మ నిమ్మకాయ నీళ్ళ గ్లాసు తెచ్చి కాక చేతికిచ్చి, వెళ్ళి కూలరు స్విచ్చు వేసింది.

"ఏమైందే నీకు?" అన్నాడు మామ. "ఇంకా ఎవ్వలు రాలే గదా, కూలరెందుకు?"

"వచ్చిండు గదా" అంది అత్తమ్మ.

ఆమె టేబులు దగ్గరికి వచ్చి, ఎన్నడూ ముట్టని ఆ చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోసింది. తిరిగింది. కొమురయ్య కాక నీళ్ళు తాగకుండా గ్లాసు టేబులు మీద పెట్టేశాడు. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అన్నట్టు చూస్తున్నాడు. ఆగలేదు. పాస్టరు గారికి తిరిగినంత జోరుగా తిరుగుతోంది. డేవిడ్ సారు నోటుబుక్కు తెరిచి, రాయకుండా పట్టుకుని నిలబడ్డారు. "నా లెక్క తప్పింది యాదగిరీ" అన్నారు. ఆ గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. కాక చక్రాన్ని చూశాడు, తాను కోసిన రేకులను చూశాడు, వాటి వెనక కూలరును చూశాడు. తర్వాత వదినె వైపు చాలాసేపు చూశాడు. ఆమె తల దించుకుంది.

మామకు చెప్పాల్సిన పని లేకపోయింది. టేబులు మీది పేపరు తీసి, విప్పి, కూలరుకూ చక్రానికీ మధ్య రెండు చేతులతో అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. చక్రం నెమ్మదించింది. మెల్లగా, ఒక్కో రేకూ కనిపించేంత మెల్లగా తిరిగి, ఆగిపోయింది. ఫైలు కట్టిన పంచనామాలన్నీ ఆయన మోచేతి పక్కనే ఉన్నాయి. పేపరు దించకుండా అట్లాగే నిలబడ్డాడు.

కొమురయ్య కాక అప్పటిదాకా అంచు మీద కూర్చున్నవాడు వెనక్కి జరిగి కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

"అన్నా" అన్నాడు, "జర పక్కకు జరుగు. గాలి నాకు తగుల్తలేదు."